ఒక్క గుమ్మానికి రెండు తలుపులు

పదమూడు ఇళ్లకు పదమూడు తలుపులు పంపాల్సిన మా కంపెనీ ఇరవై ఆరు తలుపులు పంపిందనీ, ఆ రెండో పదమూడింటిని ఎవరు చేయమన్నారో కంపెనీలో ఒక్క ప్రాణికీ తెలియదనీ మంగళవారం ఉదయం పదిన్నరకు బయటపడింది.

మొదట ఫోన్ చేసింది ఒక పళ్ల డాక్టరు.

"నాకున్నది ఒక్క గుమ్మమండీ. రెండో తలుపు ఎక్కడ తగిలించుకోమంటారు?" అన్నాడాయన.

అమ్మకాల గదిలో ఫోన్లెత్తే అమ్మాయి క్షమాపణ చెప్పి పెట్టేసేలోపు ఇంకో ఫోన్ వచ్చింది. మధ్యాహ్నానికి ఆమె క్షమాపణలు కూడా రెట్టింపయ్యాయి. అంతకు ముందు వారం రోజుల చీటీలు తిరగేస్తే అప్పుడూ ఇదే కథ. కాకపోతే అప్పటి జనం మొహమాటస్తులు. అదనపు తలుపుని చడీచప్పుడు లేకుండా వెనక్కి పంపేశారు.

మా యజమానిని అందరం పెద్దాయన అంటాం. ఆయన నన్ను పిలిచాడు. కూర్చోమనలేదు.

నేను పిలవదగ్గ మనిషినే. మా కంపెనీలో పై అంతస్తు అమ్మకాలు, కింద గోడౌను. పై కంప్యూటర్లో నడిచే సాఫ్ట్‌వేర్ ఒకళ్ల దగ్గర కొన్నది, కిందది ఇంకొకళ్ల దగ్గర కొన్నది. ఒకే ఇంట్లో ఉంటూ ఏళ్ల తరబడి మాటల్లేని తోడికోడళ్లలా ఆ రెండూ కాలం గడుపుతున్నాయి. వాళ్లిద్దరినీ మాట్లాడించడానికే నన్ను పెట్టుకున్నారు. ఆరు నెలలు కష్టపడి ఒక ప్రోగ్రాం రాసి, పైనుంచి కిందికి ఒక నీలం తీగ లాగాను. రోజూ మధ్యాహ్నం మూడున్నరకు పై కంప్యూటర్లోని ఆర్డర్లు దానంతట అవే కిందికి వెళ్తాయి. కింద లిస్టులో ఉన్నది వడ్రంగి మేస్త్రీ తయారు చేస్తాడు. తీగ కలిపి పది రోజులైంది.

"పది రోజుల నుంచే తలుపులు రెట్టింపవుతున్నాయి" అన్నాడు పెద్దాయన.

"తీగ ఒక్కసారే పంపుతోందండీ. నేను చూశాను."

"మరి రెండోసారి పంపేదెవరు?"

"అదే తెలియట్లేదు."

"శుక్రవారం సాయంత్రం నాలుగింటిదాకా టైమిస్తున్నా. ఎవరో తేలితే నీ ఉద్యోగం నీది. తేలకపోతే నీ తీగని చుట్ట చుట్టి నీ చేతికే ఇస్తా, పట్టుకుని వెళ్లిపో."

నేనుండేది మా అక్కావాళ్లింట్లో. భోజనాల దగ్గర ఈ సంగతి అక్కతో చెప్పడం నేను చేసిన పొరపాటు. పక్కనే బావ ఉన్నాడు.

బావ ఇరవై ఆరేళ్లు బీమా పాలసీలు అమ్మి, కాస్త ముందుగానే రిటైరై, ఆ మర్నాడే డిటెక్టివ్ అయ్యాడు. అవమని ఎవరూ అనలేదు. ఇంతవరకూ ఆయన చేపట్టిన పెద్ద కేసు పక్కింటివాళ్ల పాల ప్యాకెట్ల మాయం. నాలుగు రోజులు కాపలా కాశాడు. ఆ నాలుగు రోజులూ ప్యాకెట్లు పోయాయి. సాక్ష్యంగా పనికొస్తాయని ఆయనే తెచ్చి మా ఫ్రిజ్‌లో పెట్టాడు.

"బామ్మర్దీ" అన్నాడు బావ, చెయ్యి కడుక్కోకుండానే. "ప్రపంచంలో మెదళ్లు రెండు రకాలు. మొదటి రకం కనబడేదాన్ని చూస్తుంది. రెండో రకం కనబడనిదాన్ని చూస్తుంది. ఆ రెండో రకం ఈ ఊరు మొత్తానికి ఒకే ఒక్కటి ఉంది. అది ప్రస్తుతం పెరుగన్నం తింటోంది."

"ఆ రెండో రకం మెదడు నిన్న కళ్లజోడు నెత్తిన పెట్టుకుని ఇల్లంతా వెతికింది" అంది అక్క.

"అది కేసు కాదు. సాధన."

"వీడి ఉద్యోగం పోయేలా ఉందండీ. మీ సాధన ఇంకెక్కడైనా చేసుకోండి."

"పోయేలా ఉంది కాబట్టే నేను దిగుతున్నాను" అన్నాడు బావ. ఆ మాట మాత్రం నిజమే. నేనంటే ఆయనకి ప్రేమ. ఆ ప్రేమే నా భయం.

బుధవారం ఉదయం ఎండలో పొడుగు కోటు వేసుకుని, ఒక భూతద్దం, ఒక డైరీ పట్టుకుని బావ మా కంపెనీకి వచ్చాడు. గేటు దగ్గరే ఆయన్ని ఆపేస్తారని ఆశపడ్డాను. కానీ మా పెద్దాయన సొరుగులో ఫైళ్ల కింద అపరాధ పరిశోధన నవలలుంటాయని నాకు అప్పటిదాకా తెలియదు.

"డిటెక్టివా? నిజం డిటెక్టివేనా? కూర్చోండి, కూర్చోండి" అన్నాడు పెద్దాయన. ఆ గదిలో నాకు ఆరు నెలల్లో దొరకని మర్యాద ఆయనకి ఆరు క్షణాల్లో దొరికింది.

గోడౌన్‌కి వెళ్తూ మెట్ల మీద నేను కేసు వివరించాను. గోడౌన్ కంప్యూటర్లోకి వెళ్లడానికి అందరికీ ఒకటే పేరు, ఒకటే పాస్‌వర్డ్. అది కాగితం మీద రాసి తెరకే అంటించి ఉంటుంది. నా తీగ కూడా అదే పేరుతో లోపలికి వెళ్తుంది. ఇంకో పేరు కొనడం దండగ అన్నాడు పెద్దాయన, నేనూ గట్టిగా అడగలేదు. కాబట్టి ఈ ఆర్డరు ఎవరు పెట్టారని కంప్యూటర్ని అడిగితే, "గోడౌను పెట్టింది" అంటుంది. ఇంట్లో గిన్నె పగిలితే పిల్లలందరూ పిల్లి మీదికి తోసేసినట్టు.

"అంతకు ముందు ఆర్డర్లు కిందికి ఎలా వచ్చేవి?" అన్నాడు బావ. ఆయన అడిగిన ప్రశ్నలన్నిటిలోకీ తెలివైనది అదే. ఆ సంగతి ఆయనకి తెలియదు.

"అది నేనూ అడిగాను బావా, పనిలో చేరిన కొత్తలో. పైన అడిగితే 'వెళ్తాయి' అన్నారు. కింద అడిగితే 'వస్తాయి' అన్నారు. సరేనని ఆ వెళ్లేదానికీ వచ్చేదానికీ మధ్య తీగ వేశాను."

ఇంతలో కిందనుంచి మెట్ల బాబాయ్ ఎదురొచ్చాడు. అరవై దగ్గర పడ్డ మనిషి. కంపెనీలో అందరికీ ఆయన బాబాయే. పొద్దస్తమానం కాగితాల అట్ట చంకలో పెట్టుకుని మెట్లెక్కుతూ దిగుతూ ఉంటాడు కాబట్టి మెట్ల బాబాయ్ అయ్యాడు. అవి ఏం కాగితాలని ఎవరూ అడగగా నేను వినలేదు.

"తిన్నావా, నాయనా?" అన్నాడు నాతో.

"తిన్నాను బాబాయ్" అన్నాను, తినకపోయినా.

బావ ఆయన్ని భూతద్దంలోంచి పైనుంచి కిందిదాకా చూశాడు. "మిమ్మల్ని అనుమానితుల జాబితాలో చేర్చమంటారా?"

బాబాయ్ మొహం ఒక్క క్షణం అదోలా అయింది. "మీ ఇష్టం బాబూ" అన్నాడు.

"అక్కర్లేదు లెండి. ఇప్పటి నేరస్థుడు మెట్లెక్కి రాడు. తీగలోంచి పాక్కుంటూ వస్తాడు" అని బావ గోడకి అతుక్కుని ఆయనకి దారిచ్చాడు.

గోడౌన్‌లో మేస్త్రీ రంపప్పొట్టు దులుపుకుంటూ విచారణకి నిలబడ్డాడు.

"నిన్న మూడున్నరకి తీగ ఆర్డర్లు పంపాక, నాలుగింటికి మీరెక్కడున్నారు?"

"టీకి పోయా."

"ఎంతసేపు?"

"అరగంట. రోజూ అంతే. మేమంతా పోతాం."

"ఆ అరగంట ఈ కంప్యూటర్ గది ఖాళీయా? అబద్ధం చెబితే కళ్లు చెప్పేస్తాయి. కొత్తవాళ్లెవరైనా వచ్చారా?"

మేస్త్రీ బాగా ఆలోచించాడు. "ఈ గోడౌన్‌లోకి ఈ మధ్య వచ్చిన కొత్తమనిషివి నువ్వేనయ్యా."

"లిస్టులో ఒకే పేరు రెండుసార్లుంటే మీకు అనుమానం రాలేదా?"

"లిస్టులో ఉంటే చేస్తా. లేకపోతే చెయ్యను. అనుమానపడ్డానికి నాకు జీతమివ్వరు."

బావ తెర మీదికి వంగి లిస్టు చదవసాగాడు. అయిదు నిమిషాల తర్వాత నా మోచెయ్యి పట్టుకుని తలుపుల వెనక్కి లాక్కెళ్లాడు.

"చూశావా? పళ్ల డాక్టరు పేరు రెండుసార్లుంది. మొదటిసారి ఉత్తినే ఉంది. రెండోసారి పేరు చివర ఒక చుక్క ఉంది. దర్జీకి చుక్క. లెక్కల టీచరుకి చుక్క. బామ్మర్దీ, ఇది ఒక్కడి పని కాదు. ఇది చుక్కల ముఠా."

"మేస్త్రీని అడుగుదాం, చుక్కేంటో."

"తప్పు. ప్రశ్న అడిగిన మరుక్షణం ముఠా చెదిరిపోతుంది. డిటెక్టివ్ అన్నవాడు సమాధానం తెలిసేదాకా ప్రశ్న అడగకూడదు."

నేను అడగలేదు. ఎవరిదో వేలు జారి ఉంటుందనుకున్నాను. ఆ విషయంలో బావ కంటే నేనేమీ తెలివిగా ప్రవర్తించలేదు.

ఆ సాయంత్రం ఫోన్లెత్తే అమ్మాయి ఒక కాగితం తెచ్చి నా బల్ల మీద పెట్టింది.

"ఒక వింత చెప్పనా? రెండు తలుపులొచ్చినవాళ్లలో చాలామంది, గుమ్మానికి బిగించే మడత బందులు ఎడమవైపున్నది ఉంచుకుని, కుడి బందులది వెనక్కి పంపారు. నేను ఆర్డర్లు తీసి చూశాను. వాళ్లందరూ మొదటే ఎడమవైపు బందులు కావాలని చెప్పినవాళ్లు. నేను గమనికలో రాశాను కూడా."

ఆమె వెళ్లాక నా ప్రోగ్రాం తెరిచాను. పై కంప్యూటర్లో పేరుకో గడి, కొలతకో గడి, కర్రకో గడి, చివర గమనికకో గడి ఉన్నాయి. కింద కంప్యూటర్లో మొదటి మూడే ఉన్నాయి. పేరుని పేరుతో కలిపాను, కొలతని కొలతతో, కర్రని కర్రతో. గమనికకి కింద చోటు లేదు కాబట్టి వదిలేశాను. బందులు ఏ వైపన్నది తెలియక నా తీగ పంపిన ప్రతి తలుపునీ మేస్త్రీ కుడివైపుకే చేశాడు.

అంటే తప్పు తలుపులు నావి. సరైన తలుపులు దొంగవి.

ఈ సంగతి పెద్దాయనకి చెబితే శుక్రవారందాకా ఆగడు. చెప్పలేదు. కాగితం మడిచి జేబులో పెట్టుకున్నాను. అది ఆ రాత్రంతా జేబులో ఇటుకలా ఉంది.

గురువారం బావ వల పన్నాడు. మూడింటికే గోడౌన్ కంప్యూటర్ గదిలో, గోడకి ఆనించిన వాపసు తలుపుల వెనక దూరి నిలబడ్డాడు. నేను లోపలికి రాకూడదు. వస్తే నా ఊపిరి చప్పుడుకి ముఠా బెదురుతుందట. అయిదింటికి బయటికి వచ్చాడు. కోటు నిండా రంపప్పొట్టు, ముక్కు ఎర్రబడి ఉంది.

"ఎవరైనా వచ్చారా బావా?"

"రేపు చెబుతాను, అందరి ముందూ. ఏ కేసులోనైనా చివరికి అందర్నీ ఒక గదిలో కూర్చోబెట్టి చెప్పాలి. పద్ధతి ఉంటుంది."

శుక్రవారం పొద్దున గోడౌన్‌కి వెళ్లి చూద్దును కదా, నా నీలం తీగ కంప్యూటర్ నుంచి ఊడి నేల మీద పడి ఉంది. తీగ కొసనుండే ప్లాస్టిక్ ముక్క కనబడలేదు. సరిగ్గా అప్పుడే అక్క ఫోన్ చేసింది.

"ఒరేయ్, మీ బావ ప్యాంటు మడతలోంచి నీలం ప్లాస్టిక్ ముక్కేదో పడింది. పనికొచ్చేదా, పారెయ్యనా?"

తలుపుల వెనక దూరేటప్పుడు తీగ ఆయన కాలికి చుట్టుకుని తెగింది. అంటే గురువారం మూడున్నరకి ఒక్క ఆర్డరు కూడా నా తీగ మీద కిందికి రాలేదు. ఇవాళ ఒక్క తలుపు కూడా తయారై ఉండదు. ఇంక సాయంత్రం నాలుగుదాకా కూడా ఉద్యోగం ఉండదనుకుంటూ లిస్టు తెరిచాను.

తొమ్మిది ఆర్డర్లున్నాయి. ఒక్కొక్కటీ ఒక్కసారే ఉంది. వాటిలో నాలుగు పేర్లకి చుక్కలున్నాయి.

మేస్త్రీ అప్పటికే తొమ్మిది తలుపులూ బండెక్కించేశాడు. మధ్యాహ్నందాకా ఫోన్ దగ్గర కూర్చున్నాం, నేనూ ఆ అమ్మాయీ. ఒక్క ఫిర్యాదు రాలేదు. ఒకావిడ మాత్రం ఫోన్ చేసి, తలుపు చక్కగా పట్టిందని చెప్పింది. ఆ అమ్మాయి అలవాటు కొద్దీ ఆవిడకి కూడా క్షమాపణ చెప్పింది.

నాలుగు కావస్తుండగా పెద్దాయన గదిలో చేరాం. బావ వేలుతో లెక్కపెట్టాడు.

"పెద్దాయనగారు, మేస్త్రీ, ఫోనమ్మాయి, నువ్వు, నేను. అయిదుగురం. అందరూ వచ్చినట్టే."

వాకిలి దగ్గర మెట్ల బాబాయ్ చంకలో అట్ట పెట్టుకుని నిలబడి ఉన్నాడు. ఆయన్ని లెక్కపెట్టలేదు.

పెద్దాయన గొంతు సవరించుకున్నాడు. తీగ తెగిన సంగతి ఆయనకి అప్పటికే తెలిసింది. "విచారణ అక్కర్లేదనుకుంటానండీ. తీగ ఉన్నన్నాళ్లూ తలుపులు రెట్టింపు. తీగ ఊడిన రోజు తొమ్మిదికి తొమ్మిది సరిగ్గా వెళ్లాయి. ఇంకేం తేలాలి?" నా వైపు తిరిగాడు. "మంచివాడివే. కానీ నీ సామాను సర్దుకో."

నా జేబులో కాగితం ఉంది. తీసి బల్ల మీద పెడదామని చెయ్యి పెట్టాను. ఏం చేసినా పోయే ఉద్యోగమే కదా, తప్పు ఎక్కడుందో చెప్పి పోదామని.

"ఆగండి" అన్నాడు బావ, లేచి నిలబడి. "మీరు ఒక భయంకరమైన ప్రశ్న మర్చిపోయారు. తీగ ఊడిపోయింది. అయినా ఆర్డర్లు వచ్చాయి. ఎలా వచ్చాయి? నేను రెండు గంటలు ఆ గదిలో కంటిమీద రెప్ప వెయ్యకుండా ఉన్నాను. ఇదిగో నా డైరీ. వినండి. మూడున్నర: ఎవరూ రాలేదు. నాలుగు: ఎవరూ రాలేదు. నాలుగూ పది: తుమ్మొచ్చింది. మెట్ల బాబాయ్ నన్ను చూసి గ్లాసుతో మంచినీళ్లిచ్చి, కంప్యూటర్ దగ్గర కూర్చుని కాసేపు టకటకలాడించి వెళ్లారు. నాలుగున్నర: ఎవరూ రాలేదు. అయిదు: ఎవరూ రాలేదు." డైరీ మూశాడు. "కాబట్టి నేరస్థుడికి శరీరం లేదు."



"నాలుగూ పది ఇంకోసారి చదవండి" అన్నాడు పెద్దాయన.

"అది ముఖ్యం కాదండీ, నాలుగున్నర దగ్గర..."

"చదవండి."

బావ చదివాడు. సగంలో ఆయన గొంతు సన్నబడింది. మేము నలుగురం వాకిలి వైపు తిరిగాం. బావ చివరగా తిరిగాడు, భూతద్దంతో సహా.

పెద్దాయన మేస్త్రీని అడిగాడు. "బాబాయ్ రోజూ వస్తాడని నువ్వెందుకు చెప్పలేదు?"

"కొత్తవాళ్లెవరైనా వచ్చారా అని కదా అడిగింది. బాబాయ్ కొత్తా?" అన్నాడు మేస్త్రీ.

బాబాయ్ రెండడుగులు లోపలికి వేశాడు. ఆ గదిలోకి ఆయన అంత దూరం రావడం ఎప్పుడూ చూడలేదు నేను.

"ఆ అబ్బాయిని పంపకండి. నేనే" అన్నాడు. "పదకొండేళ్ల నుంచీ పైన ఆర్డరు కాగితాలు తీసుకుని, కిందికి పోయి, నాలుగింటికి మేస్త్రీ టీకి లేచినప్పుడు ఆ కంప్యూటర్ ముందు కూర్చుని వాటిని అందులోకి కొడుతున్నాను. ఎడమ బందని రాద్దామంటే అందులో చోటు లేదు. అందుకని నేనూ మేస్త్రీ ఒక మాట అనుకున్నాం. పేరు చివర చుక్కుంటే ఎడమ, లేకపోతే కుడి. తీగ గురించి మీరు అందరికీ ఉపన్యాసమిచ్చిన రోజు నేను లేను. నాలుగింటికి పెట్టారు కదండీ. కింద కొడుతున్నాను. మర్నాడు పోయి చూస్తే నాకంటే ముందే ఆర్డర్లు వచ్చి కూర్చున్నాయి. ఒక్కదానికీ చుక్క లేదు. ఎవరో కొత్త కుర్రాడు, పని తెలియక కొట్టాడనుకున్నాను. తుడిచేద్దామంటే నాకు కొట్టడం నేర్పారు గానీ తుడవడం నేర్పలేదు. అందుకని మళ్లీ సరిగ్గా కొట్టాను. మూడో రోజుకి తెలిసింది, కుర్రాడు కాదు, తీగ అని. అప్పుడే చెప్పాల్సింది. చెబితే ఇంక మెట్లు దిగొద్దంటారు. మెట్లు దిగొద్దంటే పొద్దున్నే చొక్కా తొడుక్కుని ఎక్కడికి పోవాలండీ నేను? మానమని ఎవరూ అనలేదు కదా అని రోజూ నాకు నేనే సర్దిచెప్పుకున్నాను. వాపసొచ్చిన తలుపులన్నీ నా వల్లే. నిన్న తెర ఖాళీగా ఉంటే ఎన్నాళ్లకో ప్రాణం హాయిగా అనిపించింది, ఇతని తీగ తెగిందని నాకేం తెలుసు."

ఆయన గోడ మీది గడియారం వైపు చూసి, చంకలోని అట్ట తీసి తెరిచాడు.

"ఇవాళ్టివి పద్నాలుగున్నాయి. అయిదు పేర్లకి చుక్క పెట్టాలి. నాలుగు దాటిపోయింది. కొట్టమంటారా, మానమంటారా?"